ఆరీఫా బంతికి మెరుగు

మెరుపు తేలినదాన్ని మళ్ళీ గరుకు చేసిన మనిషి మా ఇంట్లో నాకు ముందు ఎవరూ లేరు. మా తాత పామిడిలో దూది ఏకాడు. మా నాయన ఇనాయతుల్లా తాడిపత్రి బండల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు పాలిష్ పట్టి, ఆ పొడి పీల్చీ పీల్చీ చివరికి దగ్గుతో మూల కూర్చున్నాడు. నేను డిగ్రీ చదివి కూడా ఆరేళ్ళు అదే ఫ్యాక్టరీలో ఆయన పక్కనే నిలబడ్డాను. ఆ తర్వాత అనంతపురం వచ్చి బంతుల దగ్గర చేరాను.

బంతులంటే పిల్లలు ఎగరేసుకునేవి కావు. ఒక్కొక్కటి కర్బూజా పండంత ఉంటుంది, ఐదారు కిలోలు తూగుతుంది. మూడు వేళ్ళు దూర్చడానికి మూడు బొక్కలుంటాయి. నూనె పూసిన నున్నటి బాట మీద దొర్లిస్తే అరవై అడుగుల అవతల నిలబెట్టిన పది పిన్నులు కూలాలి. కళ్యాణదుర్గం వైపు భూములున్న విష్ణువర్ధన్ అన్న టౌనులో కొత్తగా కట్టించిన కాంప్లెక్సు మూడో అంతస్తులో అలాంటి బాటలు నాలుగు వేయించి గేమ్ జోన్ తెరిచాడు. ఆ ఎండాకాలం జనం ఆటకంటే ఏసీకే ఎక్కువ వచ్చేవాళ్ళు. బంతులు, బాటలు చూసుకోవడం నా పని. నా భార్య ఆరీఫా ఆటకొచ్చినవాళ్ళకు అద్దె బూట్లిచ్చే కౌంటరులో కూర్చునేది.

మార్చి నెలాఖరులో విష్ణువర్ధన్ అన్న బెంగుళూరు నుంచి రెండు ఖరీదైన బంతులు తెప్పించాడు. అవి జనానికిచ్చే ప్లాస్టిక్ బంతుల్లాంటివి కావు. కొంత దూరం జారుకుంటూ పోయి, పట్టు దొరకగానే పక్కకు మళ్ళి పిన్నుల గుంపులోకి దూరే రకం. పెట్టె విప్పి చూస్తే రెండూ తోమని సత్తు గిన్నెల్లా మసకగా ఉన్నాయి. ఎవరో వాడిపారేసినవి అంటగట్టారనుకున్నాను. బంతిని గిరగిరా తిప్పే చిన్న మిషను ఒకటుంది మా దగ్గర. దాని మీద పెట్టి, నీళ్ళు చల్లుతూ, తక్కువ నంబరు ముతక నుంచి ఎక్కువ నంబరు సన్నం దాకా వరసగా ఉప్పుకాగితాలు వేసి, ఆ పైన పాలిష్ పెట్టి రెండు రోజులు రుద్దాను.

"అద్దం మాదిరి చేసినావు కదప్పా," అన్నాడు విష్ణువర్ధన్ అన్న. దాంట్లో మొహం చూసుకొని మీసం సరిచేసుకున్నాడు కూడా.

ఆట నేర్పడానికి జాయ్ మేడమ్ అని ఒకామె వచ్చేది. మా అనంతపురం మనిషే, బెంగుళూరులో పదేళ్ళు ఈ ఆటలోనే ఉండి వచ్చింది. ఆమె ఒక బంతి తీసుకొని విసిరింది. అది పట్టాలెక్కిన రైలులా నేరుగా పోయి పక్క కాలువలో పడింది. రెండోదీ అంతే. ఆమె బంతిని గోటితో గీకి చూసి వెనక్కి తిరిగింది.

"ఎవరప్పా ఈ పని చేసింది?"

"నేనే మేడమ్."

"ఇది నట్టింట్లో పరిచే బండ అనుకున్నావా? గరుకుంటే నూనెను కోసుకొని పోతాది, పట్టు దొరుకుతాది, తిరుగుతాది. మెరిస్తే నూనె మీద తేలిపోతాది. పిన్నుల కాడికి పోయినా తిరగదు. పో, ఐదువందల నంబరు కాగితం వేసి ఆ మెరుపంతా తీసెయ్."

ఆ మాట ఇంట్లో చెబితే మా నాయన తింటున్న ముద్ద ఆపాడు.

"మెరిసేదాన్ని గరుకు చెయ్యమన్నాదా? ఆమెకు బుద్ధి ఉండాదా ల్యాదా? ట్యూబులైటు బండలో గీత మాదిరి కనపడేదాంకా చెయ్యి ఆపగూడదు రా. నీకు నేను నేర్పింది అదే కదా."

"బంతిలో గీత కనపడగూడదంట నాయనా. ట్యూబులైటు మబ్బులో చంద్రుని మాదిరి అలుక్కుపోయి కనపడల్లంట."

ఆరీఫా నవ్వింది. "అయితే మామా, మీ ముప్పై ఏళ్ళ చదువు మీ కొడుకు తిరగేసి చదవల్ల ఇప్పుడు."

ముప్పై ఏళ్ళ చదువైతే తిరగేశాను గానీ, రుద్దిన రుద్దుడు మాత్రం వృథా పోలేదు. వారం తిరిగేసరికి ఏ నంబరు ఎన్ని నిమిషాలు వేస్తే బంతి ఎన్ని అడుగులు జారి ఎక్కడ మళ్ళుతుందో నా వేళ్ళకు తెలిసిపోయింది.

పొద్దున పదింటికి తలుపులు తెరిచేలోగా బాటలు పరీక్షించాలి. నేను విసురుతుంటే ఆరీఫా కూడా వచ్చి విసిరేది. వాళ్ళది శింగనమల దగ్గర ఊరు. చిన్నప్పటి నుంచి కళ్ళంలో చెనక్కాయలు చేటతో చెరిగిన చెయ్యి. ఆ మణికట్టు విసురు బంతికి పనికొస్తుందని ఆమెకూ తెలీదు, నాకూ తెలీదు. బంతి ఆమె చేతి నుంచి జారేటప్పుడు చేటలో గింజ తిరిగినట్టు తిరిగేది. బాట కుడి అంచు దాకా పోయి, అక్కడి నుంచి ఎవరో పిలిచినట్టు మధ్యకు మళ్ళేది. పది పిన్నులూ ఒకేసారి పడిన చప్పుడుకు జాయ్ మేడమ్ ఆఫీసు గదిలో నుంచి బయటికొచ్చింది.

"ఎవరు నేర్పినారు నీకు?"

ఆరీఫా నన్ను చూపించింది. వేళ్ళు ఎక్కడ పెట్టాలో చెప్పడం తప్ప నేను నేర్పింది ఏమీ లేదు. కానీ ఆమె చూపిస్తే కాదనలేదు.

ఏప్రిల్ అంతా అట్లాగే గడిచింది. ఆ బెంగుళూరు బంతుల్లో ఒకటి ఆమెది, ఒకటి నాది అయిపోయాయి. "నిన్న కొంచెం ముందే తిరిగిపోయింది," అనేది ఆరీఫా. నేను ఆమె బంతికి వెయ్యి నంబరు రెండు నిమిషాలు వేసేవాణ్ణి. మరునాడు ఆమె కోరిన చోట తిరిగేది. "ఇంకో అడుగు ముందు," అనేది. మళ్ళీ ఐదువందలు. మా పెళ్ళయి నాలుగేళ్ళయింది. ఒకరు అడిగింది ఇంకొకరికి అంత సూటిగా అందిన రోజులు అవే. ఎండకు టౌను రోడ్లు ఆవిరి కక్కుతుంటే మేమిద్దరం ఆ చల్లటి చీకట్లో ఒక బంతి గురించి మాట్లాడుకునేవాళ్ళం.

నెల తిరిగేసరికి ఆమె నన్ను దాటిపోయింది. మొదట్లో నాకు బాగానే ఉండేది. ఊరందరికీ చెప్పుకున్నాను కూడా. ఆ చెప్పుకోవడమే తిరిగి నా మీదికి వచ్చింది.

"ఏమప్పా తౌసిఫ్," అన్నాడు వాచ్‌మన్ సుంకప్ప ఒకరోజు లిఫ్టు దగ్గర, నలుగురూ ఉండగా. "నిన్న గూడ వదినమ్మే గెలిచిందంట. ఇంట్లో గిన్నెలు ఎవరు తోముతాండారు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అందరికంటే గట్టిగా నవ్వాను.

మే నెలలో విష్ణువర్ధన్ అన్న పోటీ పెట్టాడు. గెలిచినవాళ్ళకు బెంగుళూరులో నెలరోజుల శిక్షణ. తిరిగొచ్చాక జాయ్ మేడమ్ కింద ఇక్కడే ఆట నేర్పే ఉద్యోగం. పోటీ చివరికొచ్చేసరికి టౌను పిలకాయలు, ఇంజనీరింగు కాలేజీ కుర్రాళ్ళు అందరూ రాలిపోయి, నేనూ ఆరీఫా మిగిలాం. విష్ణువర్ధన్ అన్నకు పండగే. మా ఇద్దరి ఫోటోలూ వేసి 'మొగుడూ పెళ్ళాల ఫైనల్' అని కాంప్లెక్సు ముందర ఫ్లెక్సీ కట్టించాడు.

ఆ సాయంత్రం మా నాయన అన్నాడు, "ఎవరు గెలిస్తే ఏముండాదిలే. జీతం దుడ్లు ఈ ఇంటికే కదా వచ్చేది."

"దుడ్ల మాట కాదు మామా," అంది ఆరీఫా. "గెలిచినోళ్ళ పేరు ముందర కోచ్ అని రాసి తలుపు మీద పెడతారంట. ఇన్నేండ్లకు నా పేరు రేషన్ కార్డులో తప్ప యాడా రాసిండేది ల్యా." తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు నాకోసరం ఇడిసి ఆడి ఓడిపోవద్దు. నేనూ ఇడిసి ఆడను. నా బంతి మాత్రం నువ్వే చెయ్యల్ల. జాయ్ మేడమ్ చేతికి గూడ ఇయ్యొద్దు."

సరేనన్నాను. అన్నప్పుడు మనసులో ఏ కల్మషమూ లేదు. ఆ మాటైనా నమ్మండి.

ఫైనల్ నాడు మధ్యాహ్నం మూడింటికి ఆట. జాయ్ మేడమ్ పొద్దున్నే బాటకు నూనె ఎక్కువ మోతాదులో పూయించింది. అంత నూనెలో పట్టు దొరకాలంటే బంతి బాగా గరుకుగా ఉండాలి. పన్నెండింటికి వెనక గదిలో కూర్చొని ముందు నా బంతికి ఐదువందలు వేశాను. తర్వాత ఆమె బంతికి వేశాను. రెండూ సిద్ధం. తువ్వాలు చుట్టి పెడితే నా పని అయిపోయేది.

సుంకప్ప టీ తెచ్చాడు.

"రేపటి నుంచి వదినమ్మను మేడమ్ అని పిలవల్ల కదప్పా మేము," అన్నాడు గ్లాసు పెడుతూ. "నీకు గూడ తప్పదేమో."

అంతకు మించి ఏమీ అనలేదు. పాపం, అతనికి నా మీద కోపం కూడా లేదు. నేను టీ తాగాను. గ్లాసు పక్కన పెట్టి, ఆరీఫా బంతిని మళ్ళీ మిషను మీదికెత్తాను. రెండువేలు వేశాను. నాలుగువేలు వేశాను. పాలిష్ చుక్క పెట్టి గుడ్డ పట్టాను. మొత్తం అద్దం చేస్తే ఎవరైనా పట్టేస్తారు. ముప్పాతిక మెరుపు దగ్గర ఆపాను. బాటల దగ్గర ఉండే ఆ నీలం లైట్ల కింద అది కంటికి తెలీదు. నూనెకు మాత్రం తెలుస్తుంది. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలూ నా చేతులు ఎంత శ్రద్ధగా పనిచేశాయో చెప్పుకోవాలంటే ఇప్పటికీ తల ఎత్తలేను. మా నాయన చూసుంటే మెచ్చుకునేవాడు.

మూడింటికి హాలు నిండిపోయింది. విష్ణువర్ధన్ అన్న వాళ్ళమ్మ యశోదమ్మ కప్పు ఇవ్వడానికి వచ్చి ముందు వరసలో కూర్చుంది. ఒకప్పుడు సర్పంచిగా చేసిన మనిషి, మాటంటే మాటే. నేను తువ్వాలు చుట్టిన బంతి ఆరీఫా చేతికిచ్చాను. ఆమె తువ్వాలు తీసి, బంతి వైపు కూడా చూడకుండా వేళ్ళు దూర్చుకొని, నన్ను చూసి నవ్వింది.

మొదటి బంతి కుడి అంచు దాకా పోయి అక్కడే ఉండిపోయింది. ఎడమ పక్క నాలుగు పిన్నులు కదల్లేదు. ఆరీఫా తన చెయ్యి చూసుకుంది. రెండోసారీ అట్లాగే. మూడోసారి బంతి ఏకంగా కాలువలో పడింది. ఎవరో ఈల వేశారు. నా బంతి మాత్రం చెప్పిన చోట చెప్పినట్టు తిరుగుతోంది.

ఆరీఫా నా పక్కకు వచ్చి మెల్లగా అడిగింది. "ఎందుకో తిరగడం ల్యా. నూనె ఎక్కువైందా?"

అప్పటికైనా ఒక మాట చెప్పి ఉండొచ్చు. బంతి మార్చుకొమ్మని ఉండొచ్చు. "ఎక్కువే ఉండాది," అన్నాను. "గట్టిగా ఇసురు."

గట్టిగా విసిరితే ఇంకా జారుతుంది. అది నాకు తెలుసు. ఆమె నా మాట నమ్మి రెండుసార్లు గట్టిగా విసిరింది. రెండూ పోయాయి.

తర్వాత ఆమె నన్ను అడగలేదు. ఆరోసారికి నిలబడే చోటు మార్చింది. మణికట్టు తిప్పడం మానేసి, నెమ్మదిగా, నేరుగా, చంటిపిల్లకు గిన్నె అందించినట్టు బంతిని వదిలింది. పిన్నులు పడ్డాయి. ఆ తర్వాత ఒక్కసారి కూడా తప్పలేదు. తిరగని బంతిని తిరగనట్టే వాడుకోవడం ఎవరూ చెప్పకుండా ఐదు బంతుల్లో నేర్చుకుంది. ఇంకో రెండు అవకాశాలుంటే నన్ను దాటేసేది. తొమ్మిది పిన్నుల తేడాతో నేను గెలిచాను.

యశోదమ్మ కప్పు నా చేతికిచ్చి, ఆరీఫాను దగ్గరికి పిలిచి తల నిమిరింది.

"తెలివైన పిల్లవమ్మా. ఇంతమందిలో మొగుని మర్యాద నిలబెట్టినావు. మొదట ఆ బంతులు కావల్లనే పారేసుకున్న్యావని నాకు తెలీదా?"

జనం చప్పట్లు కొట్టారు. ఆమె గెలిచుంటే కూడా అన్ని చప్పట్లు పడేవి కావేమో.

"లేదమ్మా," అంది ఆరీఫా. "నేను ఇడిసి ఆడలేదు."

"ఆ మాట గూడ అట్లే చెప్పల్ల," అంది యశోదమ్మ. హాలంతా నవ్వింది.

ఆరీఫా నా వైపు చూసింది. ఆమె విడిచి ఆడే మనిషి కాదని నేనొక్కణ్ణి చెబితే చాలు. కనీసం ఆ ఒక్క ముక్క. బంతి సంగతి చెప్పనక్కరలేదు. విష్ణువర్ధన్ అన్న పూలదండ తెచ్చాడు. నేను దండ కోసం తల వంచాను.

జనం పోయాక వెనక గదిలో కప్పు తుడుస్తూ కూర్చున్నాను. ఆరీఫా బంతి పెట్టడానికి వచ్చింది. అరలో పెట్టబోయి ఆగింది. ఆ గదిలో నీలం లైట్లు లేవు, నెత్తిన ట్యూబులైటే. బంతిని కొంచెం వంచింది. మళ్ళీ ఇటు వంచింది. అది పట్టుకొని ఎంతసేపు నిలబడిందో నేను తల ఎత్తి చూడలేదు. అరలో చప్పుడు కాకుండా పెట్టడం మాత్రం విన్నాను.

"మామకు దగ్గు మందు అయిపోయింది," అంది. "పోతా పోతా తీసుకోవల్ల."

ఇద్దరం స్కూటరు ఎక్కాం. మందుల షాపు ముందు ఆగితే ఆమే దిగి తెచ్చింది.

"ఎవరు గెలిచినారు?" అని అడిగాడు మా నాయన వాకిట్లోనే.

"మీ కొడుకే."

"మరి నీకేమైందిమ్మా? పొద్దున నన్నెవరూ ఆపలేరు అంటివి."

"నా బంతి తిరగల్యా మామా."

మా నాయన నా చేతుల వైపు చూశాడు. నా గోళ్ళ సందుల్లో పాలిష్ తెల్లగా గడ్డకట్టుకొని ఉంది. ముప్పై ఏళ్ళు ఆ తెలుపును తన గోళ్ళలో చూసుకున్న మనిషి. పొడవుగా దగ్గాడు. దగ్గు ఆగాక, "చేతులు కడుక్కో పో రా, అన్నం తిందువు," అన్నాడు. ఆ రాత్రి ఆయన నా పక్కన కూర్చొని తినలేదు. ఆకలి లేదన్నాడు.

జూన్ మొదట్లో బెంగుళూరు ప్రయాణం. నా బట్టలు ఆరీఫానే మడతపెట్టింది. బస్టాండుకు తోడు వచ్చింది. మూడు వారాలుగా నోట్లో నానుతున్న మాట, బస్సు డ్రైవరు ఎక్కి కూర్చున్నాక బయటికి తెచ్చాను.

"ఆరీఫా, ఆ పొద్దు నీ బంతి..."

"బస్సు కదుల్తాంది," అంది. "ఎక్కు."

ఎక్కకుండా ఉండొచ్చు. తర్వాతి బస్సు అరగంటకే ఉంది. ఎక్కాను.

తిరిగొచ్చేసరికి నాలుగు చినుకులు పడి రైతులు విత్తనాల కోసం తిరుగుతున్నారు. ఆఫీసు తలుపు మీద 'కోచ్ తౌసిఫ్' అని ఇత్తడి రేకు బిగించారు. జాయ్ మేడమ్ నాకు అభినందనలు చెప్పింది గానీ చెయ్యి కలపలేదు. బూట్ల కౌంటరులో కొత్త అమ్మాయి కూర్చొని ఉంది. వెనక గదిలో మిషను తిరుగుతున్న చప్పుడు. పోయి చూస్తే స్టూలు మీద ఆరీఫా. పక్కన నీళ్ళ మగ్గు, వరసగా పేర్చిన ఉప్పుకాగితాలు.

"ఈ పని ఎవరు నేర్పినారు నీకు?"

"నువ్వు చేస్తాంటే చూసినా కదా." బంతి మీద నుంచి చూపు ఎత్తలేదు. "ఈ పని నాకు కావల్లని విష్ణన్నను అడిగి తీసుకున్న్యా. నా బంతి ఇంక నేనే రుద్దుకుంటా. నీది గూడ నేనే చేస్తా. ఏ నంబరు కావల్లో చెప్పు."

కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా అడిగింది. వెయ్యి అన్నాను.

ఆమె ఆడటం మానలేదు. పొద్దున్నే ఎనిమిదికి నాకంటే ముందు వచ్చి, నేను వచ్చేలోగా ముగించుకుంటుంది. నేను మెట్లెక్కుతుంటే పిన్నులు పడే చప్పుడు వినబడుతుంది. తలుపు తీసేసరికి ఆమె వెనక గదిలో ఉంటుంది. వచ్చే ఎండాకాలం జాయ్ మేడమ్ ఆమెను బెంగుళూరు పోటీకి తీసుకుపోతుందని సుంకప్ప ద్వారా తెలిసింది. ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు. అన్నం పెడుతుంది, నాయనకు మందిస్తుంది, కరెంటు పోతే విసనకర్ర నా వైపు కూడా తిప్పుతుంది. పోట్లాడితే బాగుండు. పోట్లాడదు.

నా బంతి రోజూ తువ్వాలు చుట్టి బల్ల మీద పెట్టి ఉంటుంది. విసిరే ముందు దాన్ని చుట్టూ తడిమి చూసుకోవడం నాకు అలవాటైపోయింది. ఎక్కడైనా జారుడుగా తగులుతుందేమోనని గోరు వేసి గీకుతాను, కిటికీ వెలుతురులోకి తిప్పుతాను. నేను చేసిచ్చిన బంతిని ఆమె ఏ ఒక్కనాడూ అట్లా చూసుకోలేదు.

మొన్న అట్లా తడుముతుండగా వెనక అలికిడైంది. ఆరీఫా గుమ్మంలో నిలబడి ఉంది, మోచేతుల దాకా తడి. ఎప్పటి నుంచి చూస్తోందో.

"సరిగ్గా ఉండాదా?" అని అడిగింది.

"ఉండాది," అన్నాను.

తలూపి, తర్వాతి బంతి రుద్దడానికి లోపలికి పోయింది.